తడిసి రంగు మారిన ధాన్యం తింటే రక్తకణాలు పడిపోతాయా?

ప్రశ్న: కౌశిక గట్టు

నమస్కారమండీ. మాది కోనసీమ. మొన్నటి సార్వాలో మూడెకరాలు కోసి పనలు చేలోనే ఉండగా వాయుగుండం వచ్చి నాలుగు రోజులు ముసురు పట్టింది. నీరు దిగేసరికి అడుగు పనలు మొలకలెత్తాయి, పైవి రంగు మారి కొన్నిచోట్ల నల్లటి బూజు పట్టాయి. నూర్చి బరకాల మీద ఆరబెట్టాక, కొనుగోలు కేంద్రంలో వద్దన్న పదిహేను బస్తాలు ఇంట్లోనే ఉండిపోయాయి. నాలుగు నెలలుగా వాటినే మరలో ఆడించుకుని తింటున్నాము. అన్నం కొంచెం ముక్కువాసన వేస్తుంది గాని, పారబోయడానికి మనసొప్పలేదు.

మా అమ్మగారికి 64 ఏళ్లు. రెండు మూడు నెలలుగా ఆయాసం, నీరసం, అరికాళ్లలో తిమ్మిర్లు. అమలాపురంలో రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7.8, తెల్లకణాలు 2,900, ప్లేట్‌లెట్లు 88,000 అని వచ్చాయి. ఎంసీవీ (ఎర్రకణం సగటు పరిమాణం) అనే చోట 114 అని ఉండి పక్కన పైకి బాణం గుర్తు వేశారు. జ్వరం లేదు. డాక్టరుగారు ఇంకా కొన్ని పరీక్షలు రాసి, వాటిలో తేలకపోతే ఎముక మూలుగ పరీక్షకు కాకినాడ వెళ్లవలసి వస్తుందన్నారు. రష్యాలో ఒకప్పుడు బూజు పట్టిన గింజలు తిని జనానికి మూలుగ ఎండిపోయి వేలమంది చనిపోయారని మా తమ్ముడు ఎక్కడో చదివి చెప్పినప్పటి నుంచి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. అమ్మకు పదేళ్లుగా షుగరు ఉంది, మాత్రలు వాడుతున్నారు. ఆవిడ మాంసం, చేప, గుడ్డు ముట్టరు. మిగతా నలుగురం బాగానే ఉన్నాము. ఇది ఆ బియ్యం వల్ల కావచ్చునా? మిగిలిన తొమ్మిది బస్తాలు ఏం చేయాలి? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: పాత సూక్ష్మదర్శిని

రక్తపరీక్షల విభాగంలో ముప్పై ఏళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. మీ అమ్మగారిని చూసిన డాక్టరుగారి మాటే ముందు. నేను చెప్పేది ఆ తరువాత.

మీ తమ్ముడు చదివింది కట్టుకథ కాదు. సోవియట్ దేశంలో ఓరెన్‌బుర్గ్ ప్రాంతంలో, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, కోతకు మనుషులు చాలక చిరుధాన్యాలు, గోధుమ చేలలోనే ఉండిపోయి చలికాలమంతా మంచు కింద నానాయి. వసంతంలో మంచు కరిగాక ఆకలితో ఉన్న జనం ఆ గింజలు ఏరుకుని తిన్నారు. 1944లో ఆ జబ్బు పరాకాష్ఠకు చేరింది. ఆ ప్రాంతంలోని 50 తాలూకాలలో తొమ్మిదింటిలో జనాభాలో పదోవంతుకు పైగా దాని బారిన పడ్డారు. దానిని అలిమెంటరీ టాక్సిక్ అల్యూకియా అన్నారు, అంటే తిండి విషం వల్ల తెల్లకణాలు కరువవడం. ఏళ్ల తరబడి దానిని అక్కడే ఉండి పరిశీలించిన అబ్రహాం జోఫే ఆ గింజల మీద ఫ్యుజేరియం జాతి బూజులను గుర్తించాడు. ఆ బూజులు చేసే టీ-2 అనే విషం నిర్మాణం 1968లో గాని అమెరికాలోని విస్కాన్సిన్‌లో తేలలేదు.

ఆ జబ్బు నడిచిన తీరు తెలుసుకోదగ్గది. తిన్న మొదటి రోజులలో నోరు, గొంతు మండి, వాంతులు, విరేచనాలు అయ్యేవి. వారం పదిరోజులలో అవి తగ్గిపోయి మనిషి కోలుకున్నట్టే కనబడేవాడు, పనికి కూడా వెళ్లేవాడు. ఆ మూడు నాలుగు వారాలలోనే లోపల మూలుగ ఖాళీ అవుతూ, రక్తంలో తెల్లకణాల సంఖ్య రోజురోజుకీ పడిపోయేది. ఆ గింజలు తినడం ఆ దశలోనే మానేస్తే చాలామంది తేరుకునేవారు. మానకపోతే ఒంటి మీద ఎర్రని చుక్కలు, ముక్కునుంచి చిగుళ్లనుంచి రక్తం, గొంతు కుళ్లిపోవడం, చివరికి ప్రాణం పోవడం. ఒంట్లో బాగుందనిపించిన రోజులలోనే హాని ఎక్కువ జరిగింది కాబట్టి, అక్కడి వైద్యులు లక్షణాలను నమ్మక, ఊరూరా తిరిగి రక్తకణాలు లెక్కపెట్టవలసి వచ్చింది.

ఈ విషం మూలుగనే ఎందుకు పట్టుకుంటుందంటే, మన ఒంట్లో అంత తీరిక లేకుండా పనిచేసే చోటు మరొకటి లేదు. సెకనుకు ఇరవై లక్షలకు పైగా ఎర్రకణాలు అక్కడ తయారవుతాయి. ప్రతి కొత్త కణానికీ ప్రొటీన్లు కావాలి, వాటిని కణంలోని రైబోజోములు అల్లుతాయి. టీ-2 నేరుగా ఆ రైబోజోముకు అతుక్కుని ఆ అల్లికను ఆపేస్తుంది, ఆ దెబ్బకు కణం తనను తానే చంపుకుంటుంది. పేగు లోపలి పొర, మూలుగ, థైమస్ (ఛాతీలోని రోగనిరోధక గ్రంథి) వంటి త్వరత్వరగా విభజన చెందే కణజాలాలు ముందు దెబ్బతినడానికి కారణం అదే. కొన్ని కేన్సర్ మందులు వేసుకున్నవారికి కణాల సంఖ్య పడిపోయే తీరుకు ఇది దగ్గర పోలిక. ఫ్రాన్స్‌లోని బ్రెస్ట్ నగరంలో పరిశోధకులు మనిషి మూలుగలోని మాతృకణాలను గాజుపాత్రలలో పెంచి ఈ విషాలను కలిపి చూసినప్పుడు, ఎర్రకణాలకు, తెల్లకణాలకు, ప్లేట్‌లెట్లకు దారితీసే మూడు రకాల తొలికణాలూ అతి కొద్ది మోతాదుకే దెబ్బతిన్నాయి. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2017లో టీ-2కు, దాని తోబుట్టువైన హెచ్‌టీ-2కు కలిపి రోజుకు కిలో బరువుకు 0.02 మైక్రోగ్రాములే హద్దుగా పెట్టింది. ఎలుకలలో తెల్లకణాలు తగ్గడాన్నే ఆ లెక్కకు కొలమానంగా తీసుకుంది. అంటే 60 కిలోల మనిషికి రోజుకు 1.2 మైక్రోగ్రాములు, ఉప్పురవ్వ కంటే తక్కువ.

ఇంత చెప్పాక కూడా, మీ అమ్మగారి విషయంలో నా అనుమానం బియ్యం మీద లేదు. టీ-2 చేసే బూజు చలిని ప్రేమిస్తుంది. గడ్డకట్టే వేడిమికి దగ్గరలో, మంచు కరుగుతూ గడ్డకడుతూ ఉండే నేలలో అది విషాన్ని బాగా తయారుచేస్తుంది. గోదావరి గట్టున కార్తీక మాసంలో కూడా దానికి ఆ సుఖం లేదు. మన ఉక్కకు, తడికి పెరిగేది ఎక్కువగా ఆస్పర్‌జిల్లస్. దాని విషం అఫ్లటాక్సిన్, దాని దారి వేరు. అలాగని టీ-2 చేరే ట్రైకోథిసీన్ జాతి విషాలు మన దేశంలో పుట్టవని అనను. 1987లో కాశ్మీరులో వానకు పాడైన గోధుమ పిండి రొట్టెలు తిన్నవారికి కడుపునొప్పి, గొంతు మంట, విరేచనాలు వచ్చినప్పుడు, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు ఆ పిండిలో ఈ విషాలనే కనుగొన్నారు. కాశ్మీరు చలి కాశ్మీరుదే.

రెండవది, మీ రిపోర్టులోని అంకెలే మరో కథ చెబుతున్నాయి. తెల్లకణాలు రక్తంలో గంటల నుంచి కొద్ది రోజులు, ప్లేట్‌లెట్లు వారం పదిరోజులు, ఎర్రకణాలు 120 రోజులు బతుకుతాయి. విషం వచ్చి మూలుగను ఒక్కసారిగా ఆపేస్తే ముందు తెల్లకణాలు, తరువాత ప్లేట్‌లెట్లు అడుగంటుతాయి. హిమోగ్లోబిన్ తీరిగ్గా దిగుతుంది. మీ అమ్మగారికి హిమోగ్లోబిన్ కూడా 7.8కు దిగింది, అంటే ఇది నెలల తరబడి నెమ్మదిగా జరిగింది. పైగా ఎంసీవీ 114 అంటే ఎర్రకణాలు మామూలుకంటే లావుగా ఉన్నాయన్నమాట. మాంసాహారం లేదు, పదేళ్లుగా షుగరు మాత్రలు, అరికాళ్ల తిమ్మిర్లు. ఆ మాత్ర మెట్‌ఫార్మిన్ అయితే, దీర్ఘకాలం వాడినవారికి పేగు విటమిన్ బి12ను సరిగా పీల్చుకోదు. బి12 తగ్గితే మూలుగలో కణాలు పెరుగుతాయి గాని విభజన చెందలేక అక్కడే చచ్చిపోతాయి. మూడు రకాల కణాలూ ఒకేసారి తగ్గిన రిపోర్టు మన దేశంలో వచ్చినప్పుడు, నేను పనిచేసిన బల్ల మీద తరచుగా కనబడిన కారణం ఇదే. బి12, ఫోలేట్ (మరో బి విటమిన్) పరీక్షలు, గాజుపలక మీద రక్తపు పూత చూడమని డాక్టరుగారిని అడగండి. షుగరు మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు. రక్తస్రావం గాని జ్వరం గాని కనబడితే ఆ పూటే ఆస్పత్రికి వెళ్లండి.

జవాబు: అనపర్తి దాణా

కోళ్ల మేత కలిపే పనిలో ఉన్నాను. రక్తం గురించి పై పెద్దాయన చెప్పారు కాబట్టి దాని జోలికి పోను. బూజు విషంతో మాకు రోజూ పోరాటమే కాబట్టి రెండు మాటలు.

అఫ్లటాక్సిన్ అనే విషం బయటపడిందే కోళ్ల జాతి పక్షుల వల్ల. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోతే, కారణం బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్కలో బూజు అని తేలింది. మా షెడ్లలో దీని జాడ ఇలా ఉంటుంది: గుడ్లు తగ్గుతాయి, కోసి చూస్తే కాలేయం పాలిపోయి పసుపుగా ఉంటుంది, చర్మం కింద కమిలిన మచ్చలు, తమ్మె తెల్లబడుతుంది. తమ్మె తెల్లబడిందంటే రక్తం తగ్గిందనే కదా. టీ-2 అయితే ముక్కు అంచుల్లో, నాలుక మీద తెల్లటి పుళ్లు పడతాయి. ఇరవై ఏళ్లలో అది నేను చూసింది చాలా తక్కువ, అది కూడా బయటి రాష్ట్రాల నుంచి చలికాలంలో వచ్చిన మొక్కజొన్నతోనే. అన్నిటికంటే సున్నితమైనవి బాతులు. కోత అయిన చేలలోకి మందలు తోలేవారికి ఈ సంగతి తెలిసి ఉండాలి.

మేము మేతలో టాక్సిన్ బైండరు కలుపుతాము. అది ఒక రకం బంకమట్టి పొడి. అఫ్లటాక్సిన్‌ను పేగులోనే పట్టేసి రెట్టతో బయటికి తెస్తుంది, టీ-2 మీద మాత్రం దాని పట్టు అంతంతే. మనుషులకు అలాంటిది వాడుకోవచ్చా అని కొందరు అడుగుతుంటారు. మంచి గింజ తినే దారి ఉండగా మట్టి తినడం ఎందుకండీ. ఇంకొక సంగతి, కంటికి బూజు కనబడనంత మాత్రాన విషం లేదనుకోకూడదు, కనబడినంత మాత్రాన ఉందనీ చెప్పలేము. నల్లదీపం (అతినీలలోహిత కాంతి) కింద మెరిసిన మొక్కజొన్నలో కూడా పరీక్ష చేస్తే ఏమీ రాని సందర్భాలు చూశాను. బస్తాలో ఒక మూల గుప్పెడు గింజల్లోనే విషమంతా పోగుపడి ఉండవచ్చు కాబట్టి, పరీక్షకు పంపాలంటే ప్రతి బస్తా పైన, నడుమ, అడుగున బొంగు గుచ్చి తీసి, అంతా కలిపి అందులోంచి ఒక కిలో ఇవ్వాలి.

జవాబు: ఉండి మాస్టారు

క్షమించాలి, నాకు ఇదంతా భయపెట్టడంలా ఉంది. 1996 నవంబరు తుఫానుకు మా బంధువుల చేలు కోనసీమలో నేలమట్టమయ్యాయి, ఆ ఏడాది ఆ ప్రాంతం సగం తడిసిన ధాన్యమే తిన్నది. ఉప్పుడు బియ్యంగా మార్చి తిన్నారు, ఎవరికీ మూలుగ ఎండలేదు. మా నాయనమ్మ ముక్కిన బియ్యాన్ని ఎండబెట్టి, నాలుగు నీళ్లు కడిగి, గంజి వార్చి వండేది, తొంభై ఏళ్లు బతికింది. ఉడికించాక ఏ విషం నిలుస్తుందండీ?

జవాబు: పాత సూక్ష్మదర్శిని

మాస్టారూ, మీ నాయనమ్మగారు కడిగి గంజి వార్చడం మంచి పనే. పై దుమ్ముతోపాటు కొంత విషం పోయి ఉండవచ్చు. ఉడకబెడితే బూజు చస్తుంది గాని అది అప్పటికే గింజలో వదిలిన విషం చావదు. అఫ్లటాక్సిన్ విచ్ఛిన్నం కావడానికి 230 డిగ్రీలకు పైబడిన వేడి కావాలి, మన అన్నం కుండ 100 దాటదు. ఉప్పుడు బియ్యం విషయంలో నాకు మీతో గట్టి అభిప్రాయభేదం ఉంది. నానబెట్టి ఆవిరి పట్టినప్పుడు రంగు తేడా కలిసిపోతుంది కాబట్టి పాడైన ధాన్యం ఆ దారిన పోతుంది. రంగు కలిసిపోవడం వేరు, విషం పోవడం వేరు.

ఎవరికీ ఏమీ కాలేదన్న మాటకు వస్తే, అఫ్లటాక్సిన్ తన లెక్కను రక్తంలో కాక కాలేయంలో రాస్తుంది. కాలేయంలోని ఎంజైములు దానిని చురుకైన రూపానికి మార్చినప్పుడు అది డీఎన్‌ఏకు అతుక్కుంటుంది. ఏళ్ల తరువాత, ముఖ్యంగా హెపటైటిస్-బి కూడా ఉన్నవారికి, కేన్సరుగా బయటపడవచ్చు. అప్పటికి ఆ ఏడాది తిన్న బియ్యం ఎవరికి గుర్తుంటుంది? మోతాదు ఎక్కువైతే వెంటనే కూడా చంపుతుంది. 1974లో రాజస్థాన్‌లోని బాంస్వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల గిరిజన గ్రామాలలో వానకు తడిసిన మొక్కజొన్న తిని కామెర్లతో 397 మంది జబ్బుపడి 106 మంది చనిపోయారు, అదే తిండి తిన్న కుక్కలు కూడా చచ్చాయి.

రక్తంతో దానికి సంబంధం లేదని మాత్రం అనను, ఆ సంబంధం చుట్టుదారిన వస్తుంది. రక్తాన్ని గడ్డకట్టించే కారకాలను కాలేయమే తయారుచేస్తుంది కాబట్టి అది దెబ్బతింటే ప్లేట్‌లెట్లు సరిపడా ఉన్నా నెత్తురు ఆగదు. దాణావారు చెప్పిన కమిలిన మచ్చలలో ఆ వాటా ఉంటుంది. ఘానాలోని కుమాసీ నగరంలో గర్భిణుల రక్తంలో అఫ్లటాక్సిన్ గుర్తులను కొలిచినప్పుడు, అవి ఎక్కువగా ఉన్నవారిలో రక్తహీనత కూడా ఎక్కువగా కనబడింది. అయితే బూజు పట్టిన తిండి తినేది పేదవారే, ఇనుము చాలని తిండి తినేదీ వారే కాబట్టి, ఒకదానివల్ల ఇంకొకటి అని ఆ లెక్కతోనే తేల్చలేము. అలాగే ఓక్రటాక్సిన్ అనే మరో బూజు విషం మూత్రపిండాలను పట్టుకుంటుంది. ఎర్రకణాలు చేయమని మూలుగకు కబురు పంపే ఎరిత్రోపోయిటిన్ పుట్టేది మూత్రపిండంలోనే గనుక, అది చెడితే కబురు అందక రక్తం తగ్గుతుంది.

జవాబు: కౌశిక గట్టు

అందరికీ నమస్కారం. పది రోజులు ఆలస్యమైంది, మన్నించండి. అమ్మకు బి12 పరీక్షలో 90 పికోగ్రాములు వచ్చింది, కనీసం 200 ఉండాలట. పలక మీద పూతలో ఎర్రకణాలు పెద్దవిగా, కోడిగుడ్డు ఆకారంలో ఉన్నాయని, తెల్లకణాల కేంద్రకాలకు ఆరేసి తమ్మెలు ఉన్నాయని రాశారు. ఆ షుగరు మాత్ర మెట్‌ఫార్మినే. ఇంజెక్షన్లు మొదలుపెట్టారు, మూలుగ పరీక్ష ప్రస్తుతానికి వద్దన్నారు. నాలుగో ఇంజెక్షను తరువాత ఆకలి వేస్తోందని ఆవిడే అడిగి పెరుగన్నం తిన్నారు. కాలేయం పరీక్షలు మా అయిదుగురికీ చేయించాము, అన్నీ మామూలుగానే ఉన్నాయి.

ఇప్పుడు ఆ తొమ్మిది బస్తాల సంగతి. మా పాలేరు వాటిని ఆడించి తవుడు, నూక గేదెకు పెడదామంటున్నాడు. బియ్యం మనం తినకపోతే సరిపోతుందా?

జవాబు: అనపర్తి దాణా

అమ్మగారు కోలుకుంటున్నందుకు సంతోషం. గేదెకు వద్దండీ. బియ్యాన్ని తెల్లగా పట్టించినప్పుడు విషంలో ఎక్కువ భాగం తవుడులోకే పోతుంది. అందుకే ఇలాంటి ధాన్యాన్ని దంపుడు బియ్యంగా తినడం ఇంకా చెడ్డది, తవుడు పశువుకు పెట్టడం అంతకంటే చెడ్డది. గేదె తిన్న అఫ్లటాక్సిన్‌లో నూటికి ఒకటి రెండు పాళ్లు, ఎక్కువ పాలిచ్చే పశువైతే ఇంకాస్త ఎక్కువ, ఎం1 అనే రూపంలో పాలలోకి వస్తుంది, కాచినా పోదు. మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారు గింజలకు కిలోకు 15 మైక్రోగ్రాములు అనుమతిస్తే పాలకు 0.5 మాత్రమే అనుమతించడానికి కారణం, పాలు ఎక్కువగా తాగేది పిల్లలు. అదే పాల పెరుగు మీ అమ్మగారి విస్తట్లోకి రాకుండా చూసుకోండి. ఇప్పటిదాకా ఆ తవుడు, ఆ బియ్యం కడిగిన కుడితి పెట్టి ఉంటే ఇవాళే మానిపించండి. మానిన నాలుగైదు రోజులలో పాలు శుభ్రపడతాయి.

జవాబు: ఉండి మాస్టారు

నేను అన్న మాటలో కొంత వెనక్కి తీసుకుంటున్నాను. ఉప్పుడు బియ్యం సంగతి నిజంగా నాకు తెలియదు. ఒక్కటి అడుగుతాను: మళ్లీ ముసురు పడితే రైతు చేయగలిగింది ఏమైనా ఉందా?

జవాబు: కౌశిక గట్టు

మాస్టారూ, మా ఊళ్లో ఈసారి నష్టపడనివారిని అడిగి తెలుసుకున్నది చెబుతాను. వాన హెచ్చరిక ఉన్నప్పుడు చేను కోయకుండా నిలబెట్టినవారికి పడిపోయినా తక్కువే పాడైంది. తడిసిన పనలను గట్ల మీదికి చేర్చి ఉప్పునీటి ద్రావణం చల్లినవారికి మొలకలు తగ్గాయి, బూజు మాత్రం వచ్చింది. బాడుగకు డ్రయ్యరు దొరికినవారు రెండు రోజులలో తేమ దించుకున్నారు. కొనుగోలుకు 17 శాతం తేమ సరిపోయినా, ఇంట్లో నిలవ ఉంచే ధాన్యం 14కు దిగాలట. నేను 17 దగ్గరే బస్తాలకెత్తి, గోడకు ఆనించి, అడుగున బల్లలు కూడా వేయకుండా పేర్చాను. కురిడీ కొబ్బరి అటకమీద ఆరబెట్టేటప్పుడు చూపే శ్రద్ధలో సగం కూడా ధాన్యం మీద చూపలేదని అమ్మ అంటున్నారు.

తొమ్మిది బస్తాలూ నిన్న కొబ్బరితోట చివర గొయ్యి తీసి, పేడ, మట్టి పొరలు పొరలుగా వేసి కప్పేశాము. దుమ్ము పీల్చకుండా ముక్కుకు తువ్వాలు కట్టుకున్నాము. కోళ్లు గీరకుండా పైన ముళ్లకంప వేశాము.